బూడిద మనకు, లాభం పరాయి రేవుకు

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోయే రోడ్డు ఎరిగినవారికి మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. బొగ్గు లారీలు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము, దూరాన పొగగొట్టాలు. నేలటూరు దగ్గర జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య విద్యుత్ కేంద్రం వున్నది. ఆ చుట్టుపక్కలే ప్రైవేటు కేంద్రాలున్నాయి. వాటికి బొగ్గు దింపే రేవు వుండనే వున్నది. ఈ మధ్య మేము ఆ దారిన పోతూ, నాట్లు వేసి తిరిగి వస్తున్న కూలి ఆడవాళ్ళతో ఒక టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చున్నాం. మాటల్లో ఒక పెద్దామె పొగగొట్టం వైపు చెయ్యి చూపి అడిగింది: "ఇంతకీ అది ఇప్పుడు ఎవురిదన్నా? మొన్నదాకా సింగపూరోళ్ళదన్నారు, ఇప్పుడు దుబాయోళ్ళదంటా ఉండారు."

దుబాయి కాదు, ఒమాన్. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల్లో వున్న 2,640 మెగావాట్ల ఆ విద్యుత్ కేంద్రాలు సెంబ్‌కార్ప్ అనే సింగపూరు కంపెనీవి. 2023 జనవరిలో ఆ కంపెనీ వాటిని ఒమాన్ దేశపు తన్వీర్ సంస్థకు సుమారు 11,700 కోట్ల రూపాయలకు అమ్మేసింది. రేవు సంగతీ అంతే. నవయుగ వారి చేతిలో వున్న కృష్ణపట్నం రేవులో నూటికి 75 వంతులు 2020లోనూ, మిగిలిన 25 వంతులు 2021లోనూ అదానీ రేవుల కంపెనీ కొనుక్కున్నది. ఇంత పెద్ద బేరాలు జరిగినా మన వూళ్ళో ఒక్క ఇటుక కదలలేదు. బొగ్గు దించే కూలీ దించుతూనే వున్నాడు. బూడిద పడే చోట పడుతూనే వున్నది. మారిందల్లా కాగితాల మీద పేరు.

ఈ అమ్మకాల్లో ఎవరో పన్ను ఎగ్గొట్టారని మేము అనడం లేదు. మేము చెప్పదలచింది వేరు. ఫ్యాక్టరీ ఒక చోట, దాని యజమాని కాగితం మరొక చోట వున్నప్పుడు ప్రభుత్వాల పన్ను చట్టం ఫ్యాక్టరీ వెంట పోదు, కాగితం వెంట పోతుంది. కాగితానికి కాళ్ళున్నాయి. కూలివాడికి, కౌలు రైతుకు, చేపలవాడికి ఆ కాళ్ళు లేవు.

మనం ఎక్కడికి పారిపోగలం?

పన్నులంటే మనకేం సంబంధం, ఆదాయం పన్ను కట్టేది పట్నంలో బాబులే గదా అని చాలామంది కూలీలు అనుకుంటారు. ఇది పాలకులు మనచేత అనుకోనిచ్చిన మాట. సెల్‌ఫోనుకు వంద రూపాయలు రీచార్జి చేయిస్తే అందులో 15 రూపాయల పైచిలుకు పన్నే. కోతమిషను తాగే డీజిలు మీద కేంద్రం ఒక పన్ను, రాష్ట్రం ఒక పన్ను వేస్తాయి. ఎరువు కట్ట మీద 5 శాతం. ఇక సాయంత్రం వొళ్ళు నొప్పులకని మగవాళ్ళు కొనే సీసా సంగతి చెప్పనక్కర లేదు. ఇవన్నీ కొట్టు దగ్గరే, సరుకు చేతికి రాకముందే వసూలైపోతాయి. కొట్టువాడితో "నా ఆఫీసు మారిషస్‌లో వున్నది, పన్ను తీసేసి ఇవ్వు" అని ఎవరన్నా చెప్పగలరా?

ఈ తీరానికి పన్ను కథ కొత్తది కాదు. ఇక్కడి కయ్యల్లో ఎండకు తేలే ఉప్పు మీద తెల్లవాడు పన్ను వేస్తే, 1930లో ఈ నెల్లూరు తీరంలో కూడా జనం చట్టాన్ని ధిక్కరించి ఉప్పు చేశారు. ఆ పన్ను 1947లో గాని పోలేదు. బీదవాడు తప్పించుకోలేని సరుకు మీదే సర్కారు చూపు అని అప్పుడే తేలింది. 1992లో ఇదే జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించినప్పుడు పాలకుల నోట మొదట వచ్చిన మాట గుర్తుందా? సారా ఆదాయం పోతే ఖజానా ఏం కావాలి అన్నదే గదా! 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధించారు. మూడేళ్ళు తిరక్కముందే, 1997లో, ఖజానా పేరు చెప్పి ఆ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు చిల్లి ఎక్కడ పడిందో ఆనాడు వెతికినవారు తక్కువ.

సీలింగు బినామీ, ఓడెక్కిన బినామీ

కంపెనీలు చేసే పని కష్టమైన ఇంగ్లీషు మాటల్లో వుంటుంది కాబట్టి మనకు అర్థం కాదనుకోవద్దు. వ్యవసాయ కార్మికులకు ఇది బాగా తెలిసిన విద్య. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు భూస్వాములు ఏం చేశారు? పాలేరు పేర కొంత, బామ్మర్ది పేర కొంత, ఉత్తుత్తి విడాకులిచ్చి పెళ్ళాం పేర కొంత రాశారు. భూమి ఎక్కడికీ పోలేదు, దున్నించేది ఆయనే, పంట ఇంటికి తోలుకునేదీ ఆయనే. పట్టాదారు పుస్తకంలో మాత్రం ఆయన చిన్న రైతు! ట్రిబ్యునలుకు పోతే కాగితాలు సక్రమంగా వున్నాయన్నారు.

కంపెనీ అదే పని దేశం దాటి చేస్తుంది. ఒక చిన్న దీవిలో ఒక పేరు రిజిస్టరు చేస్తారు. అక్కడ ఫ్యాక్టరీ వుండదు, కూలీ వుండడు, చాలాసార్లు తలుపు మీద బోర్డు కూడా వుండదు. ఒకే భవనంలో వందలూ వేలూ కంపెనీలు 'కాపురం' వుంటాయి. లాభం అంతా ఆ పేరున చేరుతుంది, ఎందుకంటే అక్కడ పన్ను సున్న, లేకపోతే సున్నకు దగ్గర.

ఇలాంటి చోట్లను మన పత్రికలు పన్నుల స్వర్గాలని రాస్తుంటాయి. ఆ ఇంగ్లీషు మాటకు అసలర్థం స్వర్గం కాదు, రేవు. తుఫాను రోజున పడవ దాక్కునే చోటు. సముద్రం ఎరిగిన మనవాళ్ళకు రేవు అనే మాటే బాగా అర్థమవుతుంది. ఒకటే తేడా: మన పడవ తుఫానుకు భయపడి రేవులో దాక్కుంటుంది, వాళ్ళ పడవ ప్రజలకు చెల్లించాల్సిన బాకీకి భయపడి దాక్కుంటుంది.

మన దేశానికి సంబంధించి అలాంటి రేవుల్లో పెద్దది మారిషస్. దాని జనాభా మన నెల్లూరు జిల్లా జనాభాలో సగం వుంటుందేమో. 2000 ఏప్రిల్ నుంచి 2024 దాకా భారతదేశానికి వచ్చిన విదేశీ పెట్టుబడిలో సుమారు సగం మారిషస్, సింగపూర్ అనే రెండు చిన్న దేశాల నుంచి వచ్చినట్టు సర్కారు లెక్కలే చెబుతున్నాయి. అక్కడ అంత డబ్బు పండే పొలాలేమీ లేవు. 1982లో కుదిరిన ఒప్పందం ప్రకారం, మారిషస్ కంపెనీ ఇక్కడి వాటాలు అమ్మి లాభం చేసుకుంటే ఆ లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌దే. మారిషస్ ఆ పన్ను వెయ్యదు. అమెరికావాడు, ఇంగ్లండువాడు ఆ దారిన వచ్చారు. ఇక్కడి పెద్దమనుషుల్లో కొందరు తమ డబ్బే గుట్టుగా అక్కడికి పంపి, విదేశీ పెట్టుబడి వేషం కట్టించి వెనక్కి తెచ్చుకుంటున్నారన్న ఆరోపణ కూడా ఏళ్ళ తరబడి వున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా వుండలేం. 19వ శతాబ్దంలో గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు ఒప్పంద పత్రాల మీద వేలిముద్రలు వేసి మారిషస్ చెరకు తోటలకు పోయారు. అక్కడ తెలుగువారికి 'కోరింగీలు' అనే పేరు ఆ రేవు వల్లనే వచ్చింది. పోయినవాళ్ళు ఏళ్ళ తరబడి తోటలకు కట్టుబడి వుండిపోయారు. ఈనాడు అదే దారిన డబ్బు సాయంత్రం పోయి పొద్దుటికి తిరిగి వస్తున్నది, దానికి కట్టుబాటు లేదు.

ఓడ తిన్నగా, బిల్లు చుట్టుతిరిగి

ఇక బొగ్గు దగ్గరికి వద్దాం. ఇది మన తీరానికి నేరుగా తగిలే సంగతి.

ఇండోనేషియాలో బొగ్గు ఎక్కించుకున్న ఓడ తిన్నగా భారతదేశపు రేవుకు వస్తుంది. దారిలో ఎక్కడా బొగ్గు దించరు, మళ్ళీ ఎక్కించరు. కాని బిల్లు అలా రాదు. గనివాడు సింగపూరులో ఒక కంపెనీకి అమ్మినట్టు ఒక బిల్లు, అది దుబాయిలోనో హాంకాంగులోనో మరో కంపెనీకి అమ్మినట్టు ఇంకో బిల్లు, చివరికి ఇక్కడి కంపెనీ కొన్నట్టు మూడో బిల్లు. లెక్కకు చెబుతున్నాం: గని దగ్గర టన్ను 50 డాలర్లనుకుంటే, మూడో బిల్లులో అది 80 అవుతుంది. మధ్యలో 30 డాలర్లు ఎవరి జేబులో పడ్డట్టు? మధ్య కంపెనీలు కొన్నవాడివే అయితే, ఆ 30 డాలర్లు పన్ను లేని రేవులో అతనికే చేరినట్టు. పైగా ఇక్కడ ఖర్చు ఎక్కువ చూపాడు కాబట్టి లాభం తక్కువ, పన్ను తక్కువ. బొగ్గు మీద దిగుమతి సుంకం తక్కువగా వుంటుంది గనుక ధర పెంచి చూపినా సుంకం రూపంలో పోయేది పెద్దగా లేదు.

ఇది మా ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వపు రెవిన్యూ నిఘా విభాగం 2016 మార్చిలో దేశంలోని కస్టమ్స్ కార్యాలయాలకు పంపిన హెచ్చరికలో ఈ పద్ధతి వివరంగా వున్నది. ఇండోనేషియా బొగ్గు ధర ఎక్కువ చేసి చూపుతున్నారని 40 కంపెనీల మీద అప్పుడు విచారణ నడిచింది. వాటిలో దేశంలోని బడా సంస్థలు వున్నాయి. తాము తప్పు చెయ్యలేదని కంపెనీలన్నాయి, కోర్టులకెక్కాయి. విదేశాల నుంచి బ్యాంకు కాగితాలు తెప్పించుకోవడానికే ఏళ్ళు పట్టింది. అసలు ఇబ్బంది అక్కడే వున్నది. ఓడ మన కళ్ళెదుట వుంటుంది, బిల్లు వేరే దేశపు చట్టం వెనకాల వుంటుంది. కృష్ణపట్నంలో దిగిన ఫలానా ఓడ అని మేము వేలు పెట్టి చూపడం లేదు. దేశం మొత్తం మీద రేవుల్లో దిగిన బొగ్గు గురించి సర్కారువారే అన్న మాట ఇది.

ఈ 30 డాలర్లు ఎవరు కడతారు? కరెంటు వాడేవాడు. విద్యుత్ కొనుగోలు ఒప్పందాల్లో చాలావాటిలో ఇంధనం ధర పెరిగితే ఆ భారాన్ని పంపిణీ సంస్థ మీదికి నెట్టే వీలుంటుంది. పంపిణీ సంస్థ దాన్ని ట్రూ అప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ పేరుపెట్టి మన బిల్లులో కలుపుతుంది. రెండు బల్బులు, ఒక ఫ్యాను వున్న ఇంటికి ఆ సర్దుబాటు ఏమిటో ఎవరూ చెప్పరు. రొయ్యల గుంటలో ఏరేటర్లు తిప్పుకునే చిన్న రైతుకూ చెప్పరు. అంటే కంపెనీ పన్ను తప్పించుకున్నందువల్ల ఖజానాకు ఒక నష్టం, ఆ తప్పించుకునే ఖర్చును మనమే భరించడం రెండో నష్టం.

టీకా మందు కథ

ఈ రాష్ట్రపు హైకోర్టు దాకా పోయిన కేసు ఒకటుంది. మన జిల్లాలోనే పుట్టిన కె.ఐ. వరప్రసాద రెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ పెట్టారు. పచ్చకామెర్ల జబ్బు హెపటైటిస్-బికి విదేశీ టీకా ధర బీదవాడికి అందనంత వున్న రోజుల్లో, 1997లో ఆ సంస్థ దేశంలో తయారైన టీకాను చాలా తక్కువ ధరకు మార్కెట్టులోకి తెచ్చింది. ఇది మెచ్చుకోదగ్గ పని, మెచ్చుకుంటున్నాం.

తరువాత ఆ సంస్థలో ఎక్కువ వాటాలు ఫ్రాన్సుకు చెందిన మెరియూ అలియన్స్ కంపెనీ చేతికి పోయాయి. ఆ వాటాలు పట్టుకోవడానికి ఆ కంపెనీ 2006లో ఫ్రాన్సులో షాన్‌హెచ్ అనే మరో కంపెనీ పెట్టింది. 2009లో శాంతాను సనోఫీ అనే ఫ్రెంచి మందుల కంపెనీ కొన్నది. ఎలా కొన్నది? శాంతా వాటాలు కొనలేదు. ఫ్రాన్సులో వున్న షాన్‌హెచ్ వాటాలు కొన్నది. అమ్మినవారు ఫ్రాన్సులో, కొన్నవారు ఫ్రాన్సులో, చేతులు మారిన కాగితం ఫ్రాన్సులో. అమ్ముడుపోయిన ఆస్తి మాత్రం ఇక్కడిది: ఇక్కడి కార్మికుల చేతిపని, ఇక్కడి శాస్త్రజ్ఞుల బుర్ర, ఇక్కడి మార్కెట్టు.

ఆస్తి ఇక్కడిది కాబట్టి లాభం మీద పన్ను ఇక్కడ కట్టాలన్నది ఆదాయం పన్ను శాఖ. 2013 ఫిబ్రవరి 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. షాన్‌హెచ్ బూటకపు కంపెనీ కాదన్నది. భారత్–ఫ్రాన్స్ ఒప్పందం ప్రకారం ఆ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్సుకే వుందన్నది. చట్టాన్ని పార్లమెంటు మార్చుకున్నా ఒప్పందం ముందు అది నిలవదన్నది. న్యాయమూర్తులు వున్న చట్టాన్నీ, వున్న ఒప్పందాన్నీ చదివి చెప్పారు. తప్పు తీర్పులో వెతికి లాభం లేదు, ఆ ఒప్పందాలు ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో అక్కడ వెతకాలి.

చట్టం తెచ్చినవాళ్ళే చించారు

పార్లమెంటు మార్చిన చట్టమని పైన అన్నాం గదా, ఆ కథ ఇది. 2007లో వోడాఫోన్ కంపెనీ ఇక్కడి హచ్ టెలిఫోన్ వ్యాపారాన్ని సుమారు 11 వందల కోట్ల డాలర్లకు కొన్నప్పుడు చేతులు మారింది కేమాన్ దీవుల్లోని ఒక కంపెనీ తాలూకు ఒకే ఒక్క షేరు. పన్ను అక్కర్లేదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు అన్నది. ఆ ఏడు బడ్జెట్టులో కేంద్రం చట్టం సవరించి, ఆస్తి ఇండియాలో వుంటే కాగితం ఎక్కడ చేతులు మారినా పన్ను వెయ్యవచ్చన్నది, అదీ పాత తేదీల నుంచి. పాత తేదీల నుంచి పన్ను అనడం మంచి పద్ధతి కాదని మాకూ తెలుసు. కాని ఆస్తి ఎక్కడుంటే పన్ను అక్కడ అన్న మాట సరైనది.

కంపెనీలు ఊరుకుంటాయా? విదేశీ మధ్యవర్తుల కోర్టులకు పోయాయి. కోనసీమ తీరాన రవ్వ చమురు బావులు నడిపిన కెయిర్న్ కంపెనీ, జెర్సీ దీవి మీదుగా జరిపిన వాటాల మార్పిడి మీద సర్కారు 10,247 కోట్ల పన్ను అడిగితే, 2020 డిసెంబరులో తిరిగి సర్కారు మీదే 120 కోట్ల డాలర్లకు తీర్పు తెచ్చుకున్నది. 2021 జూలైలో పారిస్‌లో భారత ప్రభుత్వపు ఆస్తుల్ని జప్తు చేయించింది కూడా. తాకట్టు బాకీకి బీద రైతు ఎద్దుల్ని తోలుకుపోయినట్టు ఒక దేశాన్ని ఒక కంపెనీ జప్తు చేయించడం! మరుసటి నెలలోనే కేంద్రం ఆ పాత తేదీల పన్నును రద్దు చేసి, వసూలు చేసిన డబ్బు తిరిగి ఇచ్చేసింది.

ఏమీ జరగలేదనడం కూడా నిజం కాదు. 2016లో మారిషస్ ఒప్పందాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ తరువాత కొన్న వాటాల మీద లాభానికి ఇక్కడ పన్ను పడుతుంది. పన్ను తప్పించుకోవడానికే అల్లిన ఏర్పాట్లను కొట్టివేసే అధికారం కూడా ఆ ఏడాదే శాఖకు వచ్చింది. 2021లో 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీలు ఎక్కడ లాభం చూపినా కనీసం 15 శాతం పన్ను కట్టాలని ఒప్పుకున్నాయి. అదీ నిలవలేదు. 2025 జూన్‌లో జి-7 దేశాలు అమెరికా కంపెనీలకు ఆ నిబంధనల్లో ముఖ్యమైనవాటి నుంచి మినహాయింపు ఇవ్వడానికి తలవూపాయి. పన్నుల నిబంధనలు ధనిక దేశాల క్లబ్బులో కాదు, ఐక్యరాజ్యసమితిలో రాయాలని ఆఫ్రికా దేశాలు 2023లో తీర్మానం పెడితే 125 దేశాలు అనుకూలంగా, 48 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. వ్యతిరేకించినవాటిలో ఎక్కువ ధనిక దేశాలే. ఆ చర్చల్లోంచి అమెరికా 2025 ఫిబ్రవరిలో లేచిపోయింది.

ఇంట్లోనే ఒక రేవు

దీవుల దాకా పోనక్కర లేదు. కొడవలూరు మండలం రాచర్లపాడు దగ్గర ఎరువుల ఫ్యాక్టరీ కోసమని ఇఫ్కో తీసుకున్న రెండు వేల ఎకరాలకు పైబడిన భూమి, ఫ్యాక్టరీ రాక, తరువాత కిసాన్ సెజ్ అయింది. సెజ్ అంటే ఏమిటి? 2005 చట్టం ప్రకారం అందులో పెట్టిన యూనిట్ల ఎగుమతి లాభం మీద మొదటి 5 ఏళ్ళు ఆదాయం పన్ను లేదు, తరువాతి 5 ఏళ్ళు సగమే. 2020 తరువాత వచ్చే కొత్త యూనిట్లకు ఆ సెలవు లేదు. అయితే ఏం? 2019 సెప్టెంబరులో అన్ని కంపెనీలకూ పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గించుకునే వీలు ఇచ్చారు. ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రాబడి వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది. దాక్కునేవాణ్ణి పట్టుకోలేక, దాక్కోనక్కర లేదు ఇక్కడే వుండు అన్నట్టున్నది ఈ వరస.

ఇది ఢిల్లీ వ్యవహారం, మనకు తగలదు అనుకునేవారి కోసం చిన్న లెక్క. 2021–26కు 15వ ఆర్థిక సంఘం చెప్పిన ప్రకారం పంచుకోవలసిన కేంద్ర పన్నుల్లో వంద రూపాయలకు 41 రాష్ట్రాలకు రావాలి. ఆ రాష్ట్రాల వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం. అంటే కంపెనీలు వెయ్యి కోట్ల పన్ను తప్పించుకుంటే మన రాష్ట్రానికి రావలసిన పదహారున్నర కోట్లు పోయాయి. 2025–26లో ఉపాధి పథకం కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 5 లక్షల 40 వేల పనిదినాలు. ఇది వెయ్యి కోట్లకే. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారు. రాష్ట్రం దగ్గర డబ్బు లేదన్న జవాబు ఇక మీదట మండలాఫీసు ముందు తరచు వినాల్సి వుంటుంది. అప్పుడు ఈ పదహారున్నర కోట్ల లెక్క గుర్తు చెయ్యాలి.

అడగవలసినవి

టీ కొట్టు దగ్గర ఆ పెద్దామె అడిగిన ప్రశ్న, "అది ఎవురిది?" అన్నది, చిన్నదేమీ కాదు. ప్రపంచమంతా పన్ను అధికారులు తల బద్దలు కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ ప్రశ్న మీదనే. 2018 నుంచి మన దేశంలో ఒక కంపెనీలో తెరవెనుక 10 శాతం, అంతకు పైన వాటా వున్న అసలు మనిషి పేరు రిజిస్ట్రారుకు తెలపాలన్న నిబంధన వున్నది. దాన్ని అందరికీ తెరిచి చూపాలని వ్యవసాయ కార్మిక సంఘాలు అడగవచ్చు. ఈ తీరంలో కొత్త ఫ్యాక్టరీ వచ్చినప్పుడల్లా కాలుష్య మండలివారు ప్రజాభిప్రాయ సభ పెడతారు. అక్కడ మనం పొగ గురించి, నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి అడుగుతున్నాం, అది అవసరమే. దానితోబాటు మీ కంపెనీ యజమాని ఏ దేశంలో రిజిస్టరై వున్నాడు, బొగ్గో ముడిసరుకో ఎవరి దగ్గర కొంటారు, ఆ అమ్మేవాడు మీవాడేనా, ప్రభుత్వం మీకు ఏ పన్నులు ఎన్నేళ్ళు మాఫీ చేసింది అని మైకులో అడిగి, జవాబు సభ మినిట్సులో రాయించాలి.

ఆమె ఇంకొకటి కూడా అడిగింది. "మా పంచాయితీకన్నా ఏమన్నా కడతా ఉండారా?" అని. ఫ్యాక్టరీ భవనాల మీద పంచాయతీకి రావలసిన ఇంటి పన్ను ఎంత, ఎంత వసూలైంది, ఎంత బాకీ అనేది పంచాయతీ డిమాండు రిజిస్టరులో వుంటుంది. ఆ రిజిస్టరు సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. మన రాష్ట్రంలో దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండలంలో అడిగితే 5 రూపాయలు.